మాటకు ముగింపుంది, చోటుకు లేదు

సీ భాషలో స్ట్రింగ్ అనే డేటా టైప్ లేదు. పూర్ణాంకాలకు ఇంట్ ఉంది, దశాంశాలకు ఫ్లోట్ ఉంది, ఒక్క అక్షరానికి క్యార్ ఉంది. మాట మొత్తానికి ఉన్నది ఒక ఒప్పందం మాత్రమే. అక్షరాలను మెమరీలో వరుసగా పేర్చాలి, చివర సున్నా విలువ గల ఒక బైట్ పెట్టాలి, మొదటి అక్షరం అడ్రసును ఒకరి నుంచి ఒకరికి అందించుకోవాలి. అందుకున్న ఫంక్షన్ ఆ అడ్రసు దగ్గర మొదలుపెట్టి సున్నా ఎదురయ్యేదాకా నడుస్తుంది. డబుల్ కోట్స్ మధ్య నేరుగా రాసిన మాటలకు కంపైలరే ఆ సున్నాను తగిలిస్తుంది. భాష చేసే సాయం దాదాపు అంతే. మిగతాదంతా లైబ్రరీకీ ప్రోగ్రామర్‌కూ మధ్య నమ్మకం మీద నడిచే వ్యవహారం.

ఈ సున్నా మీద తిట్ల వాన చాలాకాలంగా కురుస్తూనే ఉంది. డెన్మార్క్ ప్రోగ్రామర్ పౌల్ హెనింగ్ కాంప్ 2011లో ఏసీఎం క్యూ పత్రికలో దీన్ని అత్యంత ఖరీదైన ఒక్క బైట్ తప్పుగా లెక్కగట్టాడు. అంతకు రెండేళ్ల ముందే డీ భాష సృష్టికర్త వాల్టర్ బ్రైట్ అసలు తప్పు మరోచోట ఉందన్నాడు. అరేను ఫంక్షన్‌కు పంపగానే అది ఉత్త పాయింటర్‌గా మారిపోయి తన పరిమాణాన్ని పోగొట్టుకుంటుంది, సీ చేసిన పెద్ద తప్పు అదేనన్నది ఆయన వాదన. ఈ ఇద్దరిలో నేను రెండో ఆయన పక్షం.

ఎందుకంటే మెమరీలో ఏ మాటకైనా హద్దులు రెండు. మాట ఎక్కడ ముగిసిందన్నది ఒకటి. ఆ మాట కోసం కేటాయించిన చోటు, అంటే బఫర్, ఎక్కడ ముగిసిందన్నది రెండోది. మొదటి హద్దును సీ డేటాలోనే సున్నాగా రాసిపెట్టింది. రెండో హద్దును ఎక్కడా రాయకుండా ప్రోగ్రామర్ జ్ఞాపకానికి వదిలేసింది. 100 బైట్ల బఫర్‌ను ఒక ఫంక్షన్‌కు పంపితే అవతలికి చేరేది దాని అడ్రసు ఒక్కటే. అక్కడ సైజాఫ్ అడిగితే 64 బిట్ల యంత్రం మీద 8 అని జవాబు వస్తుంది. అది పాయింటర్ కొలత, బఫర్‌ది కాదు. స్ట్రింగ్ తప్పులన్నిటినీ ఈ రెండు హద్దుల పక్కన పెట్టి చూస్తే, సున్నా మీద వేసిన నిందలో ఎంత నిజముందో తేలుతుంది.

సున్నా ఎక్కడిది

సీకి ముందు బీ, బీకి ముందు బీసీపీఎల్. కేంబ్రిడ్జికి చెందిన మార్టిన్ రిచర్డ్స్ రూపొందించిన బీసీపీఎల్‌లో ప్రతి స్ట్రింగ్ మొదట్లో దాని పొడవు ఉండేది. బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ బీ భాషను తయారుచేసినప్పుడు ఆ లెక్క తీసేసి చివర ఒక ముగింపు గుర్తు పెట్టాడు. డెనిస్ రిచీ సీలో ఆ గుర్తును సున్నా చేశాడు. కారణాలు రిచీయే 1993లో రాసిన సీ చరిత్ర వ్యాసంలో చెప్పాడు. పొడవును 8 లేదా 9 బిట్ల గదిలో రాస్తే మాట సైజుకు కట్టడి పడుతుంది. పైగా లెక్కను మోసుకు తిరగడం కంటే ముగింపు గుర్తే తమ అనుభవంలో సౌకర్యంగా అనిపించింది. బైట్ పొదుపు కోసమే ఇలా చేశారని తరచూ వినిపించే కథ ఆ కారణాల్లో లేదు.

పొదుపు విలువ తెలియని యంత్రాలు మాత్రం కావవి. యునిక్స్ ఎక్కిన మొదటి పీడీపీ-11లో మెమరీ 24 కిలోబైట్లు. అందులోనే ఆపరేటింగ్ సిస్టమూ, వాడుకరి ప్రోగ్రామూ సర్దుకోవాలి. ఆ యంత్రంలో ఒక బైట్‌ను జరిపే ఆదేశం, జరిపిన విలువ సున్నానా కాదా అన్నది కూడా తనంతట తానే గుర్తుపెట్టుకునేది. అందువల్ల స్ట్రింగ్‌ను కాపీ చేసే చక్రం రెండే ఆదేశాల్లో ఇమిడిపోయేది: బైట్ జరుపు, సున్నా కాకపోతే వెనక్కి వెళ్లు. ఫైలు పాత్‌లో చివరి స్లాష్ తర్వాతి పేరు మాత్రమే కావాలంటే దాని అడ్రసు చాలు, కొత్తగా కాపీ తీయనక్కర్లేదు. ఈ సుఖం పొడవు ముందు రాసుకునే పద్ధతిలో లేదు.

అప్పటి ప్రత్యామ్నాయాలేమీ గొప్పగా లేవు. పొడవును ఒక్క బైట్‌లో దాచిన టర్బో పాస్కల్ స్ట్రింగులు 255 అక్షరాల దగ్గర ఆగిపోయేవి. డాస్‌లో తెరమీద మాట అచ్చువేసే 9వ నంబరు సర్వీసుకు ముగింపు గుర్తు డాలర్! ధర అచ్చువేయాలంటే వేరే దారి వెతుక్కోవాల్సిందే. మామూలు రాతలో ఎన్నడూ రాని సున్నాను ఎంచుకోవడం వీటన్నిటిలో తెలివైన పనే.

ఆ తెలివికి మూల్యం వేగంలోనూ చెల్లించాలి. మాట పొడవెంతో తెలియాలంటే ప్రతిసారీ మొదటి నుంచి చివరిదాకా నడవాలి. స్ట్రింగ్‌లెన్ చేసే పని అదే. 2021లో గ్రాండ్ థెఫ్ట్ ఆటో ఆన్‌లైన్ ఆట తెరుచుకోవడానికి నిమిషాలకు నిమిషాలు ఎందుకు పడుతోందో ఒక ప్రోగ్రామర్ విప్పి చూశాడు. ఆట 10 మెగాబైట్ల జేసన్ ఫైలు చదువుతోంది, అందులో 63,000 దాకా వస్తువులున్నాయి. ఒక్కో విలువను బయటికి తీయడానికి పిలిచిన ఎస్‌స్కాన్ఎఫ్, ప్రతిసారీ మిగిలిన ఫైలంతటికీ పొడవు కొలుస్తోంది. ఒక్కో వస్తువుకు సగటున 5 మెగాబైట్లు అనుకున్నా, మొత్తం నడక 300 గిగాబైట్లు దాటుతుంది. పొడవును ఒకసారి కొలిచి దాచుకోవడం ఆయన చేసిన మార్పుల్లో ముఖ్యమైనది. మొత్తం మీద లోడింగ్ సమయం సుమారు 70 శాతం తగ్గింది.

పక్క బైట్లలో ఏముంటుంది

ముగింపు సున్నా లేని అక్షరాల వరుసను ప్రింట్ఎఫ్‌కు ఇస్తే ఏమవుతుంది? ప్రమాణ పత్రం చెప్పే జవాబు ఒక్కటే: ప్రవర్తన నిర్వచించలేదు. నిజ జీవితంలో జవాబులు చాలా ఉన్నాయి, అవన్నీ పక్క బైట్‌లో ఏముందన్న దాని మీద ఆధారపడతాయి.

గ్లోబల్, స్టాటిక్ అరేలకు విలువ ఇవ్వకపోతే అవి సున్నాలతో మొదలవుతాయి. కాబట్టి అందులోకి అక్షరాలు ఒక్కొక్కటిగా నింపి ముగింపు పెట్టడం మరిచిపోయినా ప్రోగ్రాం చక్కగా పనిచేస్తుంది. అదే అరేను ఫంక్షన్ లోపలికి జరిపితే స్టాక్ మీద అంతకుముందు ఎవరో వదిలివెళ్లిన చెత్త కనిపిస్తుంది. మాలక్ ఇచ్చే మెమరీకీ హామీ లేదు, కాలక్ మాత్రమే సున్నాలు నింపి ఇస్తుంది. కానీ ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి కొత్తగా వచ్చిన పేజీలు శుభ్రంగా సున్నాలతోనే ఉంటాయి గనుక, ప్రోగ్రాం మొదలైన కొత్తలో మాలక్ కూడా సున్నాలే ఇచ్చినట్టు కనిపిస్తుంది. కాసేపు నడిచి, ఫ్రీ చేసిన ముక్కలు తిరిగి చేతికి వచ్చేసరికి అసలు రంగు బయటపడుతుంది. డెవలపర్ దగ్గర పనిచేసి కస్టమర్ దగ్గర కూలిన ప్రోగ్రాముల్లో చాలావాటి జాతకం ఇదే. మైక్రోసాఫ్ట్ కంపైలర్ డీబగ్ బిల్డులో ఖాళీ స్టాక్‌ను కావాలనే ఒకే విలువతో నింపుతుంది. ఆ విలువ చైనా లిపి ఎన్‌కోడింగ్‌లో ఒక నిజమైన అక్షరం కావడంతో, సున్నా మరిచిపోయిన చైనా విద్యార్థులకు తెరనిండా అదే అక్షరం కనిపిస్తుంది. అక్కడ అదొక పాత జోకు.

మన ఇంజనీరింగ్ కళాశాలల్లో రెండు మూడు తరాల విద్యార్థులు సీ నేర్చుకున్నది టర్బో సీ నీలం తెర మీద. 1980లనాటి ఆ సరుకు, విండోస్ కొత్త వెర్షన్లలో నడవనని మొరాయించిన తర్వాత కూడా డాస్‌బాక్స్ పుణ్యమా అని ల్యాబుల్లో బతికింది. డాస్‌లో మెమరీకి రక్షణ లేదు. బఫర్ దాటి రాసినా అడ్డుచెప్పేవారు లేరు. మహా అయితే ప్రోగ్రాం ముగిశాక నల్ పాయింటర్ అసైన్‌మెంట్ అని ఒక వాక్యం వచ్చేది. అది కూడా డేటా సెగ్మెంట్ మొదట్లోని కొన్ని బైట్లు చెదిరాయేమో చూసి చెప్పే కబురు, అంతకుమించి పరిశోధన లేదు. గెట్స్‌తో పేరు చదివి స్ట్రింగ్‌కాపీతో జరిపే ల్యాబ్ ప్రోగ్రాములు అలా ఏ శిక్షా లేకుండా రికార్డు పుస్తకాల్లోకి ఎక్కాయి. అదే అలవాటు లైనక్స్ సర్వర్ల దాకా ప్రయాణం చేసింది.

లైనక్స్‌లో శిక్ష ఉంది గాని, అదీ వెంటనే పడదు. హార్డ్‌వేర్ కాపలా సాధారణంగా 4,096 బైట్ల పేజీకి ఒకటి. పేజీ దాటి అనుమతి లేని చోటుకు వెళ్తేనే సెగ్మెంటేషన్ ఫాల్ట్. పేజీ లోపల ఎంత తప్పటడుగు వేసినా నిశ్శబ్దమే. ఈ సంగతిని ఆధారం చేసుకునే, లైనక్స్‌లో వాడే సీ లైబ్రరీ గ్లిబ్‌సీలోని స్ట్రింగ్‌లెన్ ఒకేసారి 16 లేదా 32 బైట్లు చదువుతుంది. అంటే అది సున్నా దాటి కూడా చదువుతుంది, కాకపోతే పేజీ గీత దాటకుండా జాగ్రత్తపడుతుంది. మనం చేస్తే తప్పయ్యే పని లైబ్రరీ లెక్క తెలిసి చేస్తోంది.

ఇక హీప్, అంటే మాలక్ చోటు ఇచ్చే మెమరీ. మాట పొడవు కొలిచి, అన్నే బైట్లు మాలక్‌తో తీసుకుని, స్ట్రింగ్‌కాపీ చేయడం తరచూ కనిపించే తప్పు. ముగింపు సున్నాకు ఒక బైట్ అదనంగా అడగలేదు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు. గుణింతం, సున్న, పొల్లు కూడా విడి సంకేతాలే. ఆ లెక్కన విజయవాడ 21 బైట్లు, నెల్లూరు 24, కరీంనగర్ 24, హైదరాబాద్ 27. 64 బిట్ల లైనక్స్‌లో గ్లిబ్‌సీ మాలక్ అడిగినంతే ఇవ్వదు, పైకి సవరించి ఇస్తుంది. వాడుకోగల చోటు 24, 40, 56 ఇలా 16 చొప్పున పెరుగుతుంది. విజయవాడకు 21 అడిగితే 24 దొరుకుతాయి, సున్నాకు చోటుంది. హైదరాబాద్‌కు 27 అడిగితే 40 దొరుకుతాయి, ఇంకా సుఖం. నెల్లూరుకు, కరీంనగర్‌కు అడిగినవి 24, దొరికినవీ 24. సున్నా 25వ బైట్‌లో పడుతుంది.

ఆ 25వ బైట్ ఎవరిది? పక్క ముక్క పరిమాణం రాసుకునే గదిలో మొదటి బైట్ అది. అందులోని చిట్టచివరి బిట్, నా ముందున్న ముక్క వాడుకలో ఉందని మాలక్‌కు చెప్పే గుర్తు. దాని మీద సున్నా పడితే పక్క ముక్క కొలత తగ్గిపోతుంది, వాడుకలో ఉన్న మన ముక్క ఖాళీదని లెక్కల్లో నమోదవుతుంది. పొలం గట్టు రాత్రికి రాత్రి జరిపినట్టే, తగువు మాత్రం ఎప్పుడో ఫ్రీ పిలిచిన రోజున వస్తుంది. తప్పు చేసిన వరుస ఒకచోట, ప్రోగ్రాం కూలిన వరుస మరోచోట. పరీక్షకు విజయవాడ, హైదరాబాద్ మాత్రమే ఇచ్చి చూసిన ప్రోగ్రామర్‌కు ఈ తప్పు జన్మలో దొరకదు.

ఒక్క సున్నా బైట్‌తో ఎవరేం చేయగలరులే అన్న నిర్లక్ష్యానికి 2014లో గూగుల్ ప్రాజెక్ట్ జీరో బృందం తెరదించింది. గ్లిబ్‌సీలో క్యారెక్టర్ సెట్లు మార్చే భాగం హీప్ బఫర్ చివర ఒకే ఒక్క సున్నా బైట్‌ను హద్దు దాటి రాస్తోంది. అంతమాత్రంతో మామూలు వాడుకరి రూట్ అధికారం సంపాదించవచ్చని వాళ్లు పనిచేసే ప్రోగ్రాంతో సహా చూపించారు.

కాపీ ఫంక్షన్ల వంశం

రెండు హద్దుల లెక్క పట్టుకుంటే సీ లైబ్రరీలో ఇన్ని కాపీ ఫంక్షన్లు ఎందుకున్నాయో అర్థమవుతుంది. స్ట్రింగ్‌కాపీకి మాట హద్దు తెలుసు, చోటు హద్దు తెలియదు. గెట్స్ ఇంకా ఘోరం, దానికి చోటు ఎంతో చెప్పే మార్గమే లేదు. ఎదుటివాడు ఎంత టైప్ చేస్తే అంత రాస్తుంది. సరిగ్గా వాడటం అసాధ్యమైన ఫంక్షన్ అది. అయినా ప్రమాణ లైబ్రరీ నుంచి దాన్ని తీసేసింది 2011లోనే.

స్ట్రింగ్‌ఎన్‌కాపీ చరిత్ర ఇంకా తమాషా. భద్రత కోసం పుట్టిందని చాలామంది నమ్ముతారు. నిజానికి తొలినాటి యునిక్స్ డైరెక్టరీలో ప్రతి ఫైలు పేరుకూ సరిగ్గా 14 బైట్ల గది ఉండేది. పేరు చిన్నదైతే మిగిలిన చోటంతా సున్నాలు, పేరు 14 నిండితే ముగింపు సున్నాయే ఉండదు. ఆ గదిని నింపడానికి చేసిన పనిముట్టు ఇది. అందుకే అది చోటు హద్దును గౌరవించి మాట హద్దును వదిలేస్తుంది. నిండిన బఫర్ చివర సున్నా పెట్టదు. 4,096 బైట్ల బఫర్‌లోకి పది అక్షరాలు కాపీ చేయమంటే మిగిలిన నాలుగువేల చిల్లర బైట్లనూ ఓపిగ్గా సున్నాలతో నింపుతుంది. స్ట్రింగ్‌ఎన్‌క్యాట్ ముగింపు పెడుతుంది కానీ, దానికిచ్చే సంఖ్య బఫర్ సైజు కాదు, చేర్చదగిన అక్షరాల సంఖ్య. పేర్లు కవలల్లా ఉంటే లెక్కలు దాయాదుల్లా ఉంటాయి.

ఈ గందరగోళానికి విసిగి ఓపెన్‌బీఎస్‌డీ వాళ్లు, టాడ్ మిల్లర్, థియో డి రాట్, 1998లో స్ట్రింగ్‌ఎల్‌కాపీ తెచ్చారు. ఇది రెండు హద్దులనూ పాటిస్తుంది. చోటు చాలకపోతే మాటను కత్తిరించి, సున్నా పెట్టి, అసలు మాట పొడవెంతో తిరిగి చెబుతుంది. గ్లిబ్‌సీ నిర్వాహకుడు ఉల్రిచ్ డ్రెపర్ 2000లో దీన్ని తిరస్కరించాడు. పొడవులు తెలిసిన ప్రోగ్రామర్‌కు మెమ్‌కాపీ చాలు, తెలియనివాడికి నిశ్శబ్దంగా మాటను కత్తిరించడం మరో తప్పుకు దారి అన్నది ఆ పక్షం వాదన. వాదనలో పస ఉంది, కానీ కత్తిరించిన ఫైలు పేరు కంటే చెడిన స్టాక్ చాలా పెద్ద నష్టమన్న సంగతి అందులో కనపడదు. చివరికి 2023 ఆగస్టులో గ్లిబ్‌సీ 2.38 దాన్ని చేర్చుకుంది. తమాషా ఏమిటంటే, అది ఇక్కడ అడుగుపెట్టిన కొద్ది నెలలకే లైనక్స్ కెర్నల్ తనదైన స్ట్రింగ్‌ఎల్‌కాపీని తీసిపారేసింది. అసలు మాట పొడవు చెప్పడానికి అది మూలాన్ని సున్నా దాకా చదవాలి. ఆ మూలంలో సున్నా ఉందన్న నమ్మకం కెర్నల్‌కు లేదు. దాని బదులు వాడే స్ట్రింగ్‌ఎస్‌కాపీ అవసరమైనంతే చదివి, చోటు చాలకపోతే ఎర్రర్ ఇస్తుంది. ఈ వంశంలో నాకు నచ్చినది ఇదే.

సీ99 తెచ్చిన ఎస్ఎన్‌ప్రింట్ఎఫ్ కూడా మంచిదే, ఒక మెలిక తప్ప. అది తిరిగిచ్చేది రాసిన అక్షరాల సంఖ్య కాదు, చోటు ఉంటే రాసి ఉండే సంఖ్య. దాన్ని నమ్మి పాయింటర్‌ను ముందుకు జరిపినవాళ్లు బఫర్ బయట తేలారు. సీ11లో మైక్రోసాఫ్ట్ చొరవతో వచ్చిన అనుబంధం కె గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. పెద్ద లైబ్రరీలు దాదాపు ఏవీ దాన్ని అమలు చేయలేదు.

హద్దులు తప్పినప్పుడు

1988 నవంబరు 2న కార్నెల్ విద్యార్థి రాబర్ట్ మోరిస్ వదిలిన వర్మ్, వ్యాక్స్ యంత్రాల్లో ఫింగర్ సేవ మీద పడింది. ఆ సేవ గెట్స్‌తో 512 బైట్ల బఫర్‌లోకి ఒక వరుస చదువుతుంది. వర్మ్ 536 బైట్లు పంపింది. స్టాక్ కిందికి పెరుగుతుంది, అరేలోకి రాత పైకి నడుస్తుంది. కనుక బఫర్ దాటిన బైట్లు ఫంక్షన్ తిరిగి వెళ్లాల్సిన అడ్రసు మీద పడతాయి. ఆ అడ్రసు ఇప్పుడు దాడి చేసినవాడు రాసిందే. అప్పట్లో ఇంటర్నెట్‌లో ఉన్నవి 60,000 యంత్రాలని, వాటిలో 6,000 దాకా దెబ్బతిన్నాయని అంచనా కట్టారు. కార్నెగీ మెలన్‌లో, ఇలాంటి దాడులకు స్పందించే సెర్ట్ కేంద్రం వెలసింది దీని తర్వాతే. ఇది పూర్తిగా చోటు హద్దు కథ. సున్నా ఇక్కడ సాక్షి కూడా కాదు.

2009లో బయటపడ్డ సర్టిఫికెట్ల లోపం వేరే రకం. వెబ్ సర్టిఫికెట్‌లో సైటు పేరు పొడవుతో సహా రాసి ఉంటుంది గనుక మధ్యలో సున్నా బైట్ ఉన్నా అభ్యంతరం లేదు. మోక్సీ మార్లిన్‌స్పైక్, డాన్ కామిన్‌స్కీ విడివిడిగా పట్టుకున్నది ఇదే. బ్యాంకు పేరు, తర్వాత సున్నా బైట్, ఆ తర్వాత దొంగ సొంత డొమైన్ రాసి దరఖాస్తు పెడితే, సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ చివరి డొమైన్ చూసి సరే అంటుంది. బ్రౌజర్ మాత్రం సీ పద్ధతిలో సున్నా దగ్గరే ఆగి, ఇది బ్యాంకు సర్టిఫికెట్ అనుకుంటుంది. మాట హద్దును ఇద్దరు రెండు చోట్ల గీసుకున్నారు. ఇక్కడ సున్నా మీద నింద న్యాయమే.

నా దృష్టిలో ముగింపు సున్నా కథల్లో అన్నిటికంటే బోధపరిచేది, రూట్ అధికారంతో కమాండ్లు నడిపించే సుడో ప్రోగ్రాంలోని లోపం. క్వాలిస్ సంస్థ 2021 జనవరిలో వెల్లడించింది. తప్పు కోడ్‌లోకి వచ్చింది 2011 జులైలో. కమాండ్‌లో బ్యాక్‌స్లాష్ కనిపిస్తే దాన్ని వదిలేసి తర్వాతి అక్షరాన్ని కాపీ చేసే చిన్న చక్రం అది. ఆర్గ్యుమెంట్ చివరి అక్షరమే బ్యాక్‌స్లాష్ అయితే? తర్వాతి అక్షరం ముగింపు సున్నా. చక్రం దాన్ని మామూలు అక్షరంలా కాపీ చేసి ముందుకు దాటేస్తుంది. ఆగాల్సిన గుర్తు వెనకబడింది, ఇక ఎదురయ్యేది పక్క మెమరీ. కమాండ్ ఆర్గ్యుమెంట్ల పక్కనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ ఉంటాయి, వాటిలో ఏముండాలో వాడుకరి ఇష్టం. ఇలా చదివిందంతా వెళ్లి పడే హీప్ బఫర్‌ను మాత్రం ఆర్గ్యుమెంట్ల అసలు పొడవు కొలిచి కేటాయించారు. మాట హద్దు దాటగానే చోటు హద్దూ కూలింది. సుడో వాడే అనుమతి కూడా లేని వాడుకరి రూట్ కాగలిగాడు. దాదాపు పదేళ్లు ఎవరి కంటా పడలేదు.

పొడవు ముందే రాసుకుంటే ఇవేవీ ఉండవనేవారికి 2014 ఏప్రిల్ నాటి హార్ట్‌బ్లీడ్ జవాబు. ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌లో హార్ట్‌బీట్ సందేశం తన పొడవును తానే చెప్పుకుంటుంది, సున్నాతో పని లేదు. ఒక్క బైట్ పంపి 64 కిలోబైట్లు పంపానని చెప్పినా సర్వర్ నమ్మింది. పక్క మెమరీలోంచి అంత మేరా కాపీ తీసి తిరిగి పంపింది. పాస్‌వర్డులు, ప్రైవేట్ కీలు అందులో కొట్టుకుపోయాయి. పొడవు ఉంది, అది అబద్ధం. చోటు అసలు హద్దుతో దాన్ని పోల్చి చూసే ఏర్పాటు భాషలో లేదు.

తెలుగు బైట్ల లెక్క

సున్నా ఒప్పందం తెలుగు లిపి మీద కూడా తన ముద్ర వేసింది. యూటీఎఫ్-8ను 1992 సెప్టెంబరులో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ న్యూజెర్సీలో ఒక భోజనశాలలో కూర్చుని గీశారు. బీ భాషలో ముగింపు గుర్తు పెట్టిన థాంప్సనే ఈయన. అసలు సున్నా అక్షరంలో తప్ప మరే అక్షరంలోనూ సున్నా బైట్ రాకూడదన్నది ఆ ఎన్‌కోడింగ్ పాటించిన నియమం. అందుకే పాత సీ ప్రోగ్రాములు తెలుగు అక్షరాలను ఏమీ తెలియకుండానే మోయగలుగుతున్నాయి. యూటీఎఫ్-16లో ఆంగ్ల అక్షరాలన్నిటికీ ఒక సున్నా బైట్ ఉంటుంది. ఆ మాటను స్ట్రింగ్‌లెన్‌కు ఇస్తే మొదటి అక్షరం దగ్గరే ఆగిపోతుంది.

మోయడం వేరు, కత్తిరించడం వేరు. 20 బైట్ల బఫర్‌లో హైదరాబాద్ పెట్టమంటే 19 బైట్లు నిండేసరికి ఆరు సంకేతాలు పూర్తిగా, ఏడోదాంట్లో మూడో వంతు పడతాయి. హైదరాబ తర్వాత తెరమీద ప్రశ్నార్థకం ఉన్న నల్ల డైమండ్ వస్తుంది. స్ట్రింగ్‌ఎల్‌కాపీ రెండు హద్దులనూ సరిగ్గానే పాటించింది. కానీ అక్షరం హద్దు అని మూడోది ఒకటుందని దానికి తెలియదు. పేరుకు 30 అక్షరాలు చాలని ఆంగ్లంలో లెక్కవేసిన ఫారాలు, తెలుగులో పది సంకేతాలకే నిండిపోతాయి.

తెలుగు అక్షరం మెమరీని చెడగొట్టిన ప్రసిద్ధ ఘటన 2018 ఫిబ్రవరిలో జరిగింది. జ్ఞా మధ్యలో కంటికి కనిపించని నాన్‌జాయినర్ సంకేతం చొప్పించి పంపితే ఐఫోన్ యాప్‌లు కూలాయి. అది ముగింపు సున్నా తప్పు కాదు, అక్షరాలను తీర్చే కోర్‌టెక్స్ట్ భాగంలోది. అయితే హీప్ చెడిపోయే లోపంగానే ఆపిల్ దాన్ని నమోదు చేసి, ఐఓఎస్ 11.2.6లో సరిదిద్దింది.

కాపలాలు

కంపైలర్లు పెట్టిన మొదటి కాపలా స్టాక్ కెనరీ. 1998 నాటి స్టాక్‌గార్డ్‌తో మొదలైంది. బఫర్లకూ తిరుగు అడ్రసుకూ మధ్య ఒక రహస్య విలువ ఉంచి, ఫంక్షన్ ముగిసేటప్పుడు అది మారిందా అని చూస్తారు. ఇక్కడ సున్నాకు కొత్త ఉద్యోగం దొరికింది. 64 బిట్ల లైనక్స్‌లో ఆ విలువలోని 8 బైట్లలో మొదటిది ఎప్పుడూ సున్నా. స్ట్రింగ్‌కాపీతో దాడి చేసేవాడు ఆ సున్నాను రాసి ముందుకు పోలేడు, ఎందుకంటే ఆ ఫంక్షన్ అక్కడే ఆగుతుంది. ముగింపు లేని మాటను అచ్చువేసి రహస్యం లాగుదామన్నా అచ్చు అక్కడే ఆగుతుంది. ఒక బైట్ యాదృచ్ఛికతను వదులుకుని కొన్న రక్షణ ఇది, చవక బేరమే.

గూగుల్ 2012లో పరిచయం చేసిన అడ్రెస్ శానిటైజర్ ప్రతి బఫర్ చుట్టూ నిషిద్ధ ప్రాంతం గీసి, ప్రతి చదువునూ రాతనూ తనిఖీ చేస్తుంది. ప్రోగ్రాం దాదాపు రెండింతలు నెమ్మదిస్తుంది గనుక పరీక్షలకే పరిమితం. నెల్లూరు తప్పును అది మొదటిసారే వరుస నంబరుతో సహా పట్టిస్తుంది. మన ల్యాబుల్లో టర్బో సీ స్థానంలో జీసీసీ, దాని పక్కన ఈ ఒక్క స్విచ్ పెడితే మొదటి సంవత్సరం సిలబస్ మార్చినంత ఫలితం ఉంటుంది.

సున్నాను ఉంచుకుంటూనే లెక్కనూ ఉంచుకునే మధ్యేమార్గం పెద్ద సీ ప్రాజెక్టులు ఎప్పుడో పట్టాయి. రెడిస్ డేటాబేస్ స్ట్రింగులకు మాట ముందు పొడవు, తీసుకున్న చోటు రెండూ రాసి ఉంటాయి, చివర సున్నా కూడా ఉంటుంది. పాయింటర్ మాట మీదే ఉంటుంది గనుక ప్రింట్ఎఫ్‌కు నేరుగా ఇవ్వవచ్చు. గిట్ ప్రాజెక్టు 2018 నుంచి నిషిద్ధ ఫంక్షన్ల జాబితా పెట్టుకుంది. స్ట్రింగ్‌కాపీ, స్ట్రింగ్‌ఎన్‌కాపీ, ఎస్‌ప్రింట్ఎఫ్ వాడితే కోడ్ కంపైలే కాదు. రస్ట్, గో భాషల్లో పాయింటర్, పొడవు జంటగానే తిరుగుతాయి. మైక్రోసాఫ్ట్ 2019లో తన భద్రతా లోపాల్లో 70 శాతం దాకా మెమరీ తప్పులేనంది. ఆండ్రాయిడ్‌లో ఆ వాటా 2019లో 76 శాతం, కొత్త కోడ్‌ను రస్ట్ వంటి భాషల్లో రాస్తూ వచ్చాక 2024లో 24 శాతం. అయితే ఫ్రీ చేసిన మెమరీని మళ్లీ వాడటం లాంటివీ ఈ అంకెల్లో కలిసి ఉన్నాయి. అన్నిటినీ స్ట్రింగుల ఖాతాలో రాస్తే అతిశయోక్తి అవుతుంది.

సీని వదలలేనివారి కోసం చోటు హద్దును భాషలోకే తెచ్చే ప్రయత్నం ఇప్పుడు నడుస్తోంది. ఈ అరేలో ఇన్ని మూలకాలున్నాయి, ఆ సంఖ్య ఫలానా ఫీల్డులో ఉంది అని రాసే కౌంటెడ్‌బై గుర్తును క్లాంగ్, జీసీసీ రెండూ తీసుకున్నాయి. లైనక్స్ కెర్నల్ వాడటం మొదలుపెట్టింది. ఆపిల్ ఇదే దారిలో మరింత దూరం పోయింది. వాల్టర్ బ్రైట్ 2009లో అడిగినదానికి ఇది దగ్గరగా ఉంది, కాకపోతే పాత కోడ్ మీద ఒక్కో వరుసా తడుముతూ గుర్తులు అతికించుకోవాలి.

మాట హద్దు వైపు మాత్రం కంపైలర్ ఇంకా ఊహల మీదే నడుస్తోంది. నాలుగు క్యార్ల అరేలోకి నాలుగక్షరాల మాటను పెట్టి సున్నాకు చోటు వదలకపోవడం సీలో చట్టబద్ధం, సీ ప్లస్ ప్లస్‌లో తప్పు. 2025లో వచ్చిన జీసీసీ 15 దీనికి కొత్త హెచ్చరిక పెట్టింది. కెర్నల్‌ను దానితో కంపైల్ చేస్తే హెచ్చరికలు బారులు తీరాయి. చూస్తే వాటిలో చాలా చోట్ల తప్పేమీ లేదు. హార్డ్‌వేర్ వివరాలుండే ఏసీపీఐ పట్టికల నాలుగక్షరాల సంతకాల లాంటివి అవి, సున్నా అక్కర్లేదని తెలిసే రాశారు. కెర్నల్ రచయితలు ఒక్కోదాని పక్కనా ఇది స్ట్రింగ్ కాదు అని చెప్పే నాన్‌స్ట్రింగ్ గుర్తు తగిలిస్తూ పోయారు.